నా మీద నీకేమైనా ఉందా?

3-8-1999, మంగళవారం

ప్రియమైన కుమారుడు జీవరత్నానికి,

ప్రభువు నామంలో అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమంగా ఉన్నాం, నువ్వు కూడా అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను, అని రాశాను. రాసి కలం ఆపి ఆ వాక్యం వైపే చూస్తూ కూర్చున్నాను. చేతికి అలవాటైపోయిన మాట అది. మీ నాన్న బందరు ఆసుపత్రిలో ముక్కులో గొట్టంతో పడి ఉన్న రోజున కూడా నీకు ముందుగా ఆ మాటే రాశాను. ఈసారి కొట్టేస్తున్నాను. మేం క్షేమంగా లేం నాయనా.

భయపడకు. మీ నాన్న బతికే ఉన్నాడు. జావ తాగుతున్నాడు, మనిషిని గుర్తుపడుతున్నాడు. కానీ మొన్న ఆదివారం నుంచి బీపీ మాత్ర మింగడం లేదు. ఎవరు పెట్టినా పళ్లు బిగబట్టుకుంటున్నాడు. జావలో నూరి కలిపితే ఆ పూట జావ కూడా ముట్టలేదు. ఇంకోసారి మాత్ర ఆగితే మనిషి దక్కడని బందరు డాక్టరు చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. బందరు తీసుకెళ్దామని నిన్న ఆటో పిలిపిస్తే ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. పాస్టరుగారు అవనిగడ్డ వెళ్లి నువ్వు సువార్త పని చేసే మీ మిషను ఆఫీసుకి ఫోను చేశారు. నువ్వు కొండ మీది ఊళ్లకు వెళ్లావని, ఎప్పుడు దిగుతావో తెలియదని, ఉత్తరం వస్తే చేతికిస్తామని అన్నారట. అందుకే రాస్తున్నాను. నువ్వు రావాలి. అయితే ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే బయల్దేరు. సగం చదివి సంచీ సర్దుకున్నావంటే ఎలాంటి తల్లి దగ్గరికి వస్తున్నావో తెలియకుండా వస్తావు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చలిజ్వరం తగ్గిందని రాశావు. నిజంగా తగ్గిందా, అమ్మ కంగారుపడుతుందని రాశావా? ఉన్నది దాచడం మనింట్లో అందరికీ ఉన్న రోగమే. దోమతెర కట్టుకుంటే తోటివాళ్లు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. రేపు వాళ్లకు జ్వరమొస్తే మంచినీళ్లు ఇవ్వాల్సింది నువ్వే. నీకు రెండు చొక్కాలు కుట్టి ఉంచాను. పాత కొలతకే కుట్టాను, చిక్కిపోయి ఉంటే ఇక్కడికి వచ్చాక బిగిస్తాను. ఊళ్లో ఊడ్పులు మొదలయ్యాయి. కాలవ చివర మన చేను కాబట్టి నీళ్లు ఎప్పటిలాగే అందరికన్నా వెనక వచ్చాయి. పక్కింటి సత్యవతమ్మ కూతురు గుడివాడలో మగపిల్లాణ్ణి కన్నది. "నీ కొడుకుని కొండలెంట తిప్పుతావేంటే దేవమ్మా, ఓ పిల్లని చూసి కట్టబెట్టరాదూ" అని సత్యవతమ్మ నన్ను రోజూ సాధిస్తోంది. వాళ్ల గేదె ఈనితే జున్ను కూడా పంపింది.

చూడు, జున్ను దగ్గరికొచ్చి కూర్చున్నాను. అసలు సంగతి రాయడానికి ధైర్యం చాలడం లేదు.

నీ ఉత్తరంలో ఇలా రాశావు: "అమ్మా, మందులు దేవుడి బల్ల మీద పెట్టేసిన తల్లి అని ప్రతి కూడికలో నీ గురించి చెప్తున్నాను. నాన్న రెండోసారి పడిపోయినా నీ విశ్వాసం చెదరలేదని చెప్తే ఇక్కడి ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. నీ చేత్తో సాక్ష్యం రాసి పంపిస్తే మా పత్రికలో వేస్తారు." చెప్పడం ఆపు నాయనా. ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఆపు. ఎక్కడెక్కడ చెప్పావో ఆ ఊళ్లన్నిటికీ మళ్లీ వెళ్లే వీలుంటే వెళ్లి, ఎవరి ఇంట్లో మందులున్నాయో వాళ్లను వేసుకోమని చెప్పు. నీ మాట నమ్మి ఏ పిచ్చితల్లి మొగుడి మాత్రలు తీసి అటకెక్కించిందో!

మందులు బల్ల మీద పెట్టిన ఆ ఆదివారం నువ్వు లేవు. నీకు తెలిసిందంతా నేను రాసిందే. అందులో జరిగినవన్నీ నిజమే. క్రిస్మస్‌కి ముందు మీ నాన్న రొయ్యల చెరువు కాపలాకి వెళ్లి గట్టు మీద పడిపోవడం, ఎడమ చెయ్యి లేవకపోవడం, బందరులో మందులు వాడాక సంక్రాంతి వెళ్లేసరికి నడవడం, అన్నీ నిజం. గుళ్లో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచి పడిపోయిన చెయ్యి పైకెత్తి చూపించాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకేమైందో, నేనూ లేచాను. సంచిలోంచి మాత్రల పొట్లం తీసుకుని నడుచుకుంటూ వెళ్లి ముందున్న బల్ల మీద పెట్టాను. "ఇక ఇవి మాకొద్దు, ప్రభువే మా డాక్టరు" అన్నాను. అబ్బో, ఆ హల్లెలూయాలు! గుడి కప్పు రేకులు అదిరిపోయాయంటే నమ్ము. నా జన్మలో నన్నెవరూ అంతగా మెచ్చుకోలేదు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఆ సాయంత్రమే పున్నారావు పాస్టరుగారు సైకిలు మీద మనింటికి వచ్చారు. ఆ పొట్లం జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు.

"దేవమ్మగారూ, మందులు మానమని నేనెప్పుడూ చెప్పలేదమ్మా. చెయ్యి ఇచ్చింది దేవుడే, మందు ఇచ్చిందీ దేవుడే. బసవయ్యగారికి రోజూ వెయ్యండి" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "మీకే విశ్వాసం లేకపోతే ఇంక మాబోటివాళ్ల గతేంటి అయ్యగారూ?" అన్నాను. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. ప్రార్థన చేసి వెళ్లిపోయారు. నేను ఆ పొట్లాన్ని కుట్టుమిషను సొరుగులో పడేశాను.

మీ బాబాయి పాస్టరుగారి మీద పంచాయితీ పెట్టాడన్నది నిజమేనా అని అడిగావు కదా, నిజమే. "మా అన్న చేత మందులు మాన్పించింది ఈయనే" అని మీ బాబాయి ఊరంతా తిరిగి చెప్పాడు. పాస్టరుగారు ఒక్కమాట అంటే నిజం బయటపడిపోయేది. ఆయన అనలేదు. నేనూ అనలేదు, నోరు మూసుకుని కూర్చున్నాను. రెండు నెలలపాటు ఆయన్ని ఊళ్లో తలెత్తుకోకుండా చేశాను. నువ్వు వచ్చినప్పుడు ముందు ఆయన ఇంటికి వెళ్లి, మా అమ్మ తరఫున క్షమాపణ అడుగుతున్నానని చెప్పు.

ఇప్పుడు మాత్రల సంగతి. మానేసిన కొన్నాళ్లకే మీ నాన్నకు తల బరువు మొదలైంది. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు నేను జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, ఓ మాత్ర ఏసుకుంటానే. తలకాయ పగిలిపోతంది" అన్నాడు.

"నలుగురి ముందూ సాక్ష్యం చెప్పి ఇంట్లో దొంగచాటుగా మింగుతావా? దేవుడు చూడడనుకున్నావా?" అన్నాను.

"నీ అంత విశ్వాసం నాకు లేదే దేవమ్మా" అని నవ్వబోయి మళ్లీ అరుగు మీదికే వెళ్లాడు. ఒకప్పటి బసవయ్య అయితే మిషను ఎత్తి వీధిలో వేసేవాడు. మారుమనసు పొందిన మనిషి కాబట్టి పెళ్లాం మాట విన్నాడు. ఆయన నిజంగానే మారాడు జీవా. నీళ్లు మోసేవాడు, పొయ్యి రాజేసేవాడు, జ్వరమొస్తే నా కాళ్లు పట్టేవాడు. ఎన్నిసార్లు అడిగినా అన్నిసార్లూ అదే జవాబు చెప్పాను. ఎండలు ముదిరే వేళకి ఆయన రెండోసారి పడిపోయాడు. కుడిపక్క మొత్తం పోయింది, మాట పోయింది. నువ్వు వచ్చి వారం రోజులుండి, ఇంకా ఉంటానంటే, దేవుని పని ఆగకూడదని నిన్ను బస్సెక్కించింది కూడా నేనే. అది కూడా విశ్వాసమే అనుకున్నావు నువ్వు.

నేను గుళ్లో ప్రభువు బల్ల రొట్టె తీసుకోవడం లేదని ఎవరో నీకు చేరవేశారు. ఎవరైతేనేం, నిజమే. మే నెల నుంచి తీసుకోవడం లేదు. ఎందుకని అడిగావు. చెప్తాను.

మన సంఘంలో బల్లకు ముందురోజు శనివారం ఇళ్లకు వెళ్లి, "నా మీద నీకేమైనా ఉందా?" అని అడిగే అలవాటు నీకు తెలుసు కదా. ఉంటే అక్కడికక్కడే చెప్పుకోవాలి, లేకపోతే "ఏమీ లేదు" అని చెయ్యి కలపాలి. అప్పుడే మర్నాడు రొట్టె ముట్టుకోవాలి. చిన్నప్పుడు నువ్వు మేకపిల్ల దగ్గరికి వెళ్లి అడిగేవాడివి, అది 'మే' అంటే "ఏమో ఉందంటోందమ్మా" అనేవాడివి. మీ నాన్నా నేనూ కూడా ప్రతి నెలా ఎదురెదురుగా నిలబడి ఒకర్నొకరం అడిగేవాళ్లం. ఆయన బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ ఒక్క నెల తప్పలేదు. ఆయన అడిగేవాడు, నేను ఏమీ లేదనేదాన్ని. పొయ్యి మీద కూర మాడుతుందేమోనని ఒక కన్ను అటేసి అనేదాన్ని.

మే నెలలో ఆయనకు మాట లేదు కాబట్టి నేనే మంచం దగ్గర కూర్చుని అడిగాను. "నా మీద నీకేమైనా ఉందా?" ఎప్పటిలా అడిగేసి లేవబోయాను. మీ నాన్న ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. వేలు కుట్టుమిషను సొరుగు వైపు చూపించింది.

అప్పటికి మాత్రలు మళ్లీ వేస్తున్నాను, అవి ఆ సొరుగులోనే ఉన్నాయి. మాత్ర ఇమ్మని అడిగాడేమో అనుకోవచ్చు. కానీ ఆ పూట మాత్ర అప్పుడే వేశాను. ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. నాకు తెలిసిపోయింది. మర్నాడు బల్ల ముందు పాస్టరుగారు, ఎవరిని వాళ్లు పరీక్షించుకుని రండి అన్నారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎప్పుడూ నేను పరీక్షించుకునేది పక్కింటి కోడిని తిట్టానా, సత్యవతమ్మతో టీవీలో సీరియల్ చూశానా అన్నవే. ఆ రోజు మాత్రం నన్ను నేను ఒక్కటే అడిగాను: ఆయన తల పగిలిపోతోందంటే నీకు లోపల ఏమనిపించింది దేవమ్మా?

హాయిగా అనిపించింది నాయనా. ఈ మాట రాయడానికే ఇంతదూరం వచ్చాను. మీ నాన్న తడి తువ్వాలుతో అరుగు మీద కూర్చుంటే కిటికీలోంచి చూసి, నేను హాయిగా మిషను తొక్కుకున్నాను. దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. రొట్టె పళ్లెం నా దగ్గరికి వస్తే పక్కావిడకి అందించేశాను.

ఎందుకు అని నువ్వు అడుగుతావు. అడిగే హక్కు నీకుంది. నీకో చెల్లెలు పుట్టి పురిట్లోనే పోయిందని చెప్పాం కదా. పురిట్లో పోలేదు. నెలలు నిండిన నన్ను మీ నాన్న తాగొచ్చి తన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని. మర్నాడు కడుపులో కదలిక ఆగిపోయింది. అవనిగడ్డ ఆసుపత్రిలో తీశారు, నల్లటి జుట్టు, నీ ముక్కే. కాలవ గట్టున ఎక్కడ పూడ్చాడో మీ నాన్నకు తెలియదు, ఆ రోజు కూడా తాగే ఉన్నాడు. తన్నిన సంగతే గుర్తులేదు. నేను గుర్తుచెయ్యలేదు. అప్పుడు చెప్తే మళ్లీ తంతాడని భయం. తర్వాత ఆయన మారాడు, సాక్ష్యంలో సారా సంగతి చెప్పాడు, నన్ను కొట్టిన సంగతి చెప్పాడు, నా గాజులు అమ్ముకున్న సంగతి చెప్పాడు, ఏడ్చాడు. పాప సంగతి చెప్పలేదు, గుర్తుంటే కదా. దేవుడు క్షమించాడన్నారు, సంఘం క్షమించింది, ఒక్క పూటలో అన్నీ అయిపోయాయి. నన్నెవరూ అడగలేదు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ఆయన నెలనెలా అడుగుతూనే ఉన్నాడు, నేనే నోరు విప్పలేదు. కాబట్టి అడగలేదన్న మాట కూడా పూర్తి నిజం కాదు.

ఇదంతా గడిచిపోయిన కథ అయితే నీకు చెప్పకుండా నాతోనే తీసుకెళ్లేదాన్ని. జూలైలో ఒకరోజు ఆయనకు జావ పోస్తుంటే చెయ్యి విసురుగా ఊగి గిన్నె నా మొహాన పడింది. రోగం ఊపిన చెయ్యి అది, నాకు తెలుసు. కానీ నా ఒళ్లు పాత చేతినే గుర్తుపట్టింది. ఆ పూట వెయ్యాల్సిన మాత్రను అంట్లు తోమే నీళ్లలో వేసేశాను. మర్నాడు కూడా వేసేశాను. ఈసారి విశ్వాసం అని పేరు కూడా పెట్టుకోలేదు. ఆ తెల్లారి మాత్ర అరచేతిలో పెట్టుకుని నిలబడితే నా చెయ్యి చూసి నాకే భయమేసింది. డబ్బా తీసుకుని సత్యవతమ్మ ఇంటికి వెళ్లాను.

"ఏంటే ఇది, నీ మొగుడి మందులు నా కొంపలో పెడతన్నావ్?" అంది.

"రోజూ పొద్దున్నే నువ్వొచ్చి వెయ్యక్కా. నా చేతి మీద నాకు నమ్మకం లేదు" అన్నాను. ఉన్నదంతా చెప్పేశాను.

పేడచేత్తోనే నిలబడి విన్నది. "మా ఆయన పోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడిచాను. నిజంగా ఏడిచానో, ఊరు చూస్తందని ఏడిచానో ఇంతవరకూ చూసుకోలేదే. నువ్వెందుకే అట్టా తవ్వుకుంటావ్?" అంది. తర్వాత చెయ్యి కడుక్కుని, "సరే, అక్కడ పెట్టి పో. రేపట్నించీ నేనేస్తా" అంది. మాటంటే మాటే, రోజూ వచ్చింది. నా విశ్వాసం చేయలేని పని ఆ మనిషి చేసిపెట్టింది, కాఫీ కూడా తాగకుండా.

సంఘ పెద్దల దగ్గరికి కూడా వెళ్లాను. పాస్టరుగారి ఎదుటే, మందులు మాన్పించింది నేను, ఆయన కాదు, వెయ్యమని వచ్చి చెప్పారు కూడా అని చెప్పాను. ఎందుకు మాన్పించానో కూడా చెప్పాను. తిడతారని, వెలివేస్తారని అనుకున్నాను. పెద్దల్లో ఒకరు, బసవపున్నయ్యగారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎంత యథార్థతమ్మా నీది! ఇది కూడా సాక్ష్యంగా చెప్పాలి, ఎంతమందికి దీవెనో" అన్నారు. సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, ఆయన అలా అనగానే ఒక్క క్షణం నాకు బాగుంది. చప్పట్లు వినిపించాయి. నా పాపం చెప్పుకోవడంలో కూడా నాకు మెప్పు కావాలి జీవా, ఇలాంటి మనిషిని నేను. అందుకే సంఘం ముందు చెప్పనన్నాను. మీ బాబాయికి పెద్దలే చెప్పారు, ఆయన నాతో మాట మానేశాడు. న్యాయమే.

చెప్పాల్సినవాళ్లు ఇద్దరు మిగిలారు, నువ్వూ మీ నాన్నా. మొన్న శనివారం ఆయన మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏవయ్యా, నా మీద నీకేమైనా ఉందా అని ఈసారి అడగను. ఉందని నాకు తెలుసు. కావాలనే మాత్రలు ఇవ్వలేదు నీకు" అన్నాను. ఆయన తల కొంచెం కదిలింది, తెలుసన్నట్టు. అక్కడితో ఆపాల్సింది. "నీ మీద నాకూ ఉంది. ఇన్నేళ్లూ ఏమీ లేదని అబద్ధం చెప్పాను" అన్నాను. పాప సంగతి చెప్పాను. కూర, ఉప్పు, కాలు, అవనిగడ్డ, జుట్టు, అన్నీ చెప్పాను. మెల్లగా చెప్పాను, ఒక్కటీ వదల్లేదు.

మీ నాన్న మొహంలో ఒకపక్కే కదులుతుంది కదా. ఆ పక్క వణికింది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, మాట కాదు. ఎడమ చెయ్యి నా వైపు చాపాడు. నేను పట్టుకోలేదు. నిజం రాస్తున్నాను, పట్టుకోలేదు. కాసేపటికి ఆ చెయ్యి తనంతట తానే దుప్పటి మీద పడిపోయింది.

ఆదివారం పొద్దున సత్యవతమ్మ వచ్చి, "నోరు తెరవయ్యా బసవయ్యా" అంటే పళ్లు బిగబట్టాడు. అప్పటి నుంచీ అంతే. కోపంతో అనుకుంది ఆవిడ. కోపం కాదు. కోపమొస్తే ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తనకి తానే శిక్ష రాసుకున్నాడు. నేను ఎప్పటినుంచో అమలు చేస్తున్న శిక్షనే ఇప్పుడు ఆయన ఒప్పుకున్నాడు.

అలాంటి మనిషికి ఆ సంగతి చెప్తే ఏమవుతుందో తెలిసే చెప్పానా అని నువ్వు అడగకముందే నన్ను నేనే అడిగాను. నిజం కోసం చెప్పాను, అది ఉంది. ఆయనకు నొప్పి తగలాలని కూడా చెప్పాను, అదీ ఉంది. ఏది ఎంతో వేరుచేసి చూపించమంటే నా వల్ల కావడం లేదు. దేవుడి దగ్గర కూర్చుంటే ఏడుపు కూడా రావడం లేదు.

కానీ ఈ పొద్దున ఒకటి జరిగింది. సత్యవతమ్మ విసిగి వెళ్లిపోయాక మాత్ర నేనే తీసుకున్నాను. ఆయన దవడ పట్టుకుని, "మింగవయ్యా, నీకు దణ్ణం పెడతాను, మింగు" అన్నాను. మాత్ర పెదాల మధ్య పెట్టాను, ఆయన నాలుకతో తోసేశాడు. కింద పడితే వెతికి, తుడిచి, మళ్లీ పెట్టాను. తోసేశాడు. నేను గట్టిగా అరిచి ఏడుస్తున్నానని నాకు తెలియలేదు, వీధిలో వాళ్లు వచ్చి చూస్తే తెలిసింది. వాళ్లు వెళ్లాక కూర్చుని చాలాసేపు నన్ను నేను పరీక్షించుకున్నాను. ఊరు వినాలని అరిచానా? కాదు. చచ్చిపోతే జనం నన్నంటారని భయమా? కాదు. ఆయన బతకాలని ఉంది నాకు. పాప విషయంలో క్షమించానో లేదో ఇప్పటికీ తెలియదు, క్షమించానని రాయను. బతకాలని మాత్రం ఉంది. ఎంత వెతికినా దాని వెనక ఇంకేమీ కనిపించలేదు.

కాబట్టి రా. విజయనగరం దాకా బస్సు, అక్కడ ఏ రైలు ముందొస్తే అది ఎక్కి బెజవాడలో దిగు, అవనిగడ్డ బస్సులు దొరుకుతూనే ఉంటాయి. వచ్చాక నా మొహం చూడాలనిపించకపోతే చూడొద్దు. తిన్నగా మీ నాన్న దగ్గరికి వెళ్లు. అమ్మ నిన్ను క్షమించిందని చెప్పొద్దు, అది అబద్ధమైతే ఆయన కనిపెడతాడు. నువ్వు బతకాలని అమ్మ అడుగుతోందని మాత్రం చెప్పు. ఆయన నమ్మేదాకా చెప్పు. నేను పొద్దుటి నుంచీ చెప్తూనే ఉన్నాను, నా వంక చూసి కళ్లు మూసుకుంటున్నాడు. నెలనెలా ఎదురుగా నిలబడి ఏమీ లేదని చెప్పిన నోరు ఇది, ఆయన ఎలా నమ్ముతాడు నాయనా?

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
మీ అమ్మ,
దేవమ్మ